లేని వస్తువుకు గేట్ పాస్

పోయిన వారం ఒక ఇండెంట్ పెట్టాను. సోమల వైపు ఒక ఊరికి ఇన్సులేటర్లు కావాలి. కంప్యూటర్ కాసేపు గింగిరాలు తిరిగి, చివరికి పసుపు రంగులో ఒక వరస చూపించింది. ఫలానా నంబరు ఉద్యోగి ఆమోదం కోసం వేచి ఉన్నదట. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. ఆ నంబరు గల మనిషి చనిపోయి అప్పటికి ఇరవై రెండు రోజులు.

హెడ్డాఫీసు హెల్ప్ డెస్కుకు ఫోన్ చేశాను. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, "మేడమ్, ఆ యూజర్ యాక్టివ్‌గానే ఉన్నారు, ఒక రిమైండర్ పంపండి" అంది. పంపాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే కొలువులో ఉన్నాను మరి. పంపి కాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాసుకుంటే తప్ప ఆ రోజు పని ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆయన మా కరెంటు సంస్థకు పుంగనూరులో స్టోర్ కీపర్. నేను అదే స్టోరులో జూనియర్ అసిస్టెంటును. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చి పోతాను. సిమెంటు స్తంభాలు, తీగచుట్టలు, వరసగా ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి మీదికి ఎగబాకిన ఒక గుమ్మడి పాదు, ఇదీ మా స్టోరు. గుమ్మడి పాదు ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు. కాయలు లైన్‌మన్లు తలా ఒకటి పట్టుకుపోయేవాళ్ళు. ఈఆర్‌పీ వచ్చిన నెలలో ఆయనే దగ్గరుండి ఆ పాదు పీకించాడు.

"లెక్కలో లేనిది యార్డులో ఉండకూడదమ్మా," అన్నాడు.

అప్పటికి దానికి ఏడు పిందెలున్నాయి.

ఈఆర్‌పీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. స్టోరులో మేకు మొదలుకొని మనిషి సెలవు చీటీ దాకా అంతా ఒకే కంప్యూటర్ వ్యవస్థలో నడవాలని పైవాళ్ళు తెచ్చిపెట్టిన ఏర్పాటు అది. అందులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు స్టోర్లకూ కలిపి ఒక కీ యూజర్ కావాలన్నారు. కీ యూజర్ అంటే, సిస్టమ్ బాగా పనిచేస్తే పేరు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ వాళ్ళకు వదిలేసి, పనిచేయకపోతే తిట్లు తాను తినేవాడు. ఎంపిక చేసే రోజున తెలివైనవాళ్ళంతా జ్వరం తెచ్చుకున్నారు. ఈయనకు జ్వరం తెచ్చుకోవడం చేతకాలేదు.

అప్పటికి ఆయనకు యాభై దాటాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. తెల్లారి మా గేటు తాళం తీసేది ఆయనే, సాయంత్రం కంప్యూటరు మీద గుడ్డ కప్పేది ఆయనే. కంప్యూటరు గదిలోకి వచ్చేముందు చెప్పులు గడప బయట విడిచేవాడు. దుమ్ము పడుతుందనేవాడు గానీ, ఆ గదికి కిటికీ తలుపే లేదు, దుమ్ము దాని దారిన అది వచ్చేది. తెర మీద ఏదైనా ప్రశ్న కనిపించి కింద 'ఓకే' అని ఉంటే, ఆయన పైకే "సరే" అని జవాబు చెప్పి అప్పుడు నొక్కేవాడు. తప్పొచ్చి ఎర్రగీత కనిపిస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఆఫీసరు వచ్చినప్పుడు కూడా అంత త్వరగా లేచేవాడు కాదు.

పాస్‌వర్డ్ సంగతి చూసి తీరాలి. భుజం మీది తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ కొట్టేవాడు. సంతలో ఎద్దుల బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం చేస్తారే, అచ్చం అట్లా. తువ్వాలు కింద సగంసార్లు తప్పు పడేది. మూడు తప్పులు పడితే సిస్టమ్ తాళం వేసుకునేది. ఆ పూటకు మా స్టోరు మూత. బయట లైన్‌మన్లు బీడీలు కాల్చుకుంటూ, "ఈ పొద్దు బేరం కుదర్లేదు" అనుకునేవాళ్ళు.

కాగితం లేని ఆఫీసు అని పైవాళ్ళు చెప్పారు. ఆయన తెర మీద కనిపించిన ప్రతి పేజీనీ ప్రింటు తీసి, చిల్లు పొడిచి, దారం కట్టి, బీరువాలో పెట్టేవాడు. బీరువాలు చాలక ఖాళీ కేబుల్ డ్రమ్ముల మధ్య పెట్టాం. కరెంటు పోతే కంప్యూటరు ఏం చూపిస్తుందమ్మా అని ఆయన వాదన. మాది కరెంటు ఆఫీసు.

ఆ సిస్టమ్‌లో వస్తువులకు కోడ్లుండేవి. వేలకు వేలు. ఎవరో ఏదో చలిదేశానికి తయారుచేసిన జాబితాను మాకు తొడిగినట్టున్నారు, అందులో మంచు తవ్వే పారకు కోడ్ ఉంది. ఉప్పుకు లేదు. మాకు ఎర్తింగ్ గుంతల్లో బొగ్గూ ఉప్పూ వెయ్యాలి, అది లేకపోతే స్తంభం ముట్టుకున్న గేదె చస్తుంది. కుప్పం వాళ్ళు ఉప్పును పెయింటు కోడ్ కింద కొనేశారు. మదనపల్లె వాళ్ళు మంచు పార కిందే కొన్నారు. ఆ లెక్కన మదనపల్లెలో ఆ ఏడాది మంచు బాగానే పడినట్టు. ఈయన మాత్రం ఉప్పుకు కోడ్ ఇప్పించమని ఉత్తరం మీద ఉత్తరం రాస్తూ మూడు నెలలు కూర్చున్నాడు. చివరికి లైన్‌మన్లే ఇంటి ఉప్పుడబ్బాలు తెచ్చి గుంతల్లో పోశారు. ఆ ఉప్పు లోపలికి వస్తుంటే ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

ఇంకా నవ్వాలనుంటే ఒకటుంది. ఆయన కూతురి నిశ్చితార్థం. సెలవు సిస్టమ్‌లో పెట్టాడు. సిస్టమ్ దాన్ని ఆమోదించవలసిన అధికారికి పంపింది. మూడు స్టోర్లకూ కీ యూజరు గనక ఆ అధికారి కూడా ఆయనే. తన సెలవును తానే ఆమోదించుకోవడం ధర్మం కాదని ఆయన నొక్కలేదు. నిశ్చితార్థం రోజు పది గంటలకు స్టోరులో కూర్చున్నాడు. పదకొండుకు వియ్యాలవారు పళ్ళేలు పట్టుకొని ఆటోల్లో స్టోరుకే వచ్చారు. స్తంభాల మధ్య, చెప్పులు విడిచి, తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఆయన భార్య పళ్ళేలు ఠంగుమని స్తంభాల మీద పెట్టింది. పెళ్ళికొడుకు తండ్రి ఒక ట్రాన్స్‌ఫార్మరుకు ఆనుకొని ఫొటో దిగాడు.

మనిషికి ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందో నాకు మదనపల్లె శిక్షణలో తెలిసింది. ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకొని, మూడు స్టోర్ల వాళ్ళనూ కూర్చోబెట్టి, మెడలో ట్యాగులేసుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు రెండు రోజులు ఇంగ్లీషులో చెప్పారు. మేం రెండు రోజులు ఉప్మా తిన్నాం. చివర 'ఎనీ డౌట్స్' అంటే ఎవరూ నోరు తెరవలేదు. బస్సులున్నాయి కదా. ఈయన చెయ్యెత్తాడు.

"సార్, ఒక ఆఫీసరు ఇయ్యమని సెప్తే నేను ఇచ్చినాననుకో. ఎవరు సెప్పినారు, ఎప్పుడు సెప్పినారు, అది దీంట్లో పడతాదా?"

"ఆయన ఆమోదం నొక్కితే పడుతుంది సార్. పేరు, తేదీ, గంట, నిమిషం, అన్నీ."

"రేపు ఆయన, నేను సెప్పలేదంటే?"

"అనలేరు సార్. ఎవరూ చెరపలేరు."

"డీఈ సారు కూడా?"

"సీఎండీ గారు కూడా."

ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. రాసుకున్నాడు. కూర్చున్నాక చాలాసేపు నోట్‌బుక్కు మూయలేదు. వెనక వరసలో మేం మోచేతులతో పొడుచుకొని నవ్వుకున్నాం.

బస్టాండుకు పోయే బస్సులో ఆయనే చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట, కుప్పంలో ఉన్నప్పుడు, ఒక ఆఫీసరు ఫోన్ చేసి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఇచ్చెయ్, కాగితం రేపు పంపిస్తానన్నాడట. ఊళ్ళో నీళ్ళు లేవు, జనం గేటు దగ్గర ఉన్నారు. ఇచ్చేశాడు. కాగితం ఏ రేపూ రాలేదు. విచారణలో ఆ ఆఫీసరు ఈయన ముఖం చూస్తూనే, నేను చెప్పలేదన్నాడు. పదకొండు నెలలు సస్పెన్షన్. దొంగ అని పేరు. ఇంట్లో పాడి ఆవును అమ్ముకోవాల్సి వచ్చింది.

"అబద్ధం సెప్పినాడని కోపం లేదమ్మా. నా కండ్లలోకి సూస్తా సెప్పినాడు. అది మాత్రం యింకా పోలేదు." కిటికీలోంచి టమాటా మండీ వైపు చూస్తూ అన్నాడు. "ఈ మిషనుకి కండ్లు లేవు. అదే బాగుండాది."

పాము కరిచినవాడు తాడుకు భయపడతాడని విన్నాను గానీ, తాడుకు దండం పెట్టేవాణ్ణి ఆయన్నే చూశాను. జాలి పడ్డాను. ఆ జాలి బస్టాండు దాకా ఉంది. మర్నాడు మళ్ళీ తువ్వాలు బేరం చూసి అందరితోపాటు నవ్వాను.

ఇక అసలు కథ. మా స్టోర్లకు ఒక పాత అలవాటుంది. ఒక స్టోరులో సరుకు తక్కువైతే పక్క స్టోరు చేబదులు ఇస్తుంది. ఒక చీటీ మీద రెండు సంతకాలు, అంతే. పైవాళ్ళకు తెలియదు, తెలిసినా తెలియనట్టుంటారు. ఎండాకాలాలు గట్టెక్కేది ఆ చీటీల మీదే. ఆ ఏడు కుప్పం వాళ్ళు మాకు మూడు ట్రాన్స్‌ఫార్మర్లు చేబదులిచ్చారు. అంతలో ఈఆర్‌పీ మొదలయ్యే రోజు వచ్చింది. ఆ రోజు ఏ స్టోరులో ఏముందో సిస్టమ్‌లోకి ఎక్కించాలి. ఎవడైనా ఏం చేస్తాడు? యార్డులో ఏముంటే అది రాస్తాడు. ఈయన రాయలేదు.

"అవి కుప్పం వాళ్ళవి. మందిది మన పేరున ఎట్ల రాసుకుంటామమ్మా?"

కుప్పం స్టోరాయనకు ఫోన్ చేసి, ఆయన వద్దంటున్నా వినకుండా, ఆ మూడూ కుప్పం లెక్కలో రాయించాడు. దాంతో మా యార్డులో మూడు ట్రాన్స్‌ఫార్మర్లు కళ్ళెదుట నిలబడి ఉన్నాయి, సిస్టమ్‌లో లేవు. కుప్పం యార్డులో లేవు, సిస్టమ్‌లో ఉన్నాయి. నిజాయితీ ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే మా స్టోరుకు రావాలి.

మా లెక్కలో ఉన్నవన్నీ అయిపోయిన ఏప్రిల్‌లో సిద్ధమ్మ వచ్చింది. సోమల అవతల ఊరు. భర్త లేడు, ఎకరంన్నరలో టమాటా, మూడు ఆవులు, ఒక బోరు. ఊరి పొలాల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కాలినదాన్ని ఊళ్ళో వాళ్ళు ట్రాక్టరులో వేసి పంపారు, తోడుగా ఈమె వచ్చింది. తోట మొదటి కోతకు వచ్చి ఉంది. ఆ ఎండల్లో రెండు రోజులు నీళ్ళు ఆగితే పిందె రాలిపోతుంది, మూడో రోజుకు చెట్టు వాడిపోతుంది. అది ఆమె చెప్పనక్కర్లేదు, ఇక్కడ అందరికీ తెలుసు.

"ఆడ ఉండాదే, అదియ్యప్పా," అంది, యార్డులోకి చెయ్యి చూపిస్తూ.

"అది ఈడ లేదమ్మా," అన్నాడాయన.

సిద్ధమ్మ దాని దగ్గరకు నడిచి వెళ్ళింది. అరచేత్తో తట్టింది. చెయ్యి అట్లాగే దాని మీద ఉంచి వెనక్కు తిరిగి చూసింది. "ఇది?"

"సిస్టమ్‌లో కుప్పంలో ఉండాది."

"నేను దీన్ని పట్టుకోనుండాను గదప్పా."

"పట్టుకుంటే సరిపోదమ్మా. ఒప్పుకోవాల."

"ఎవురు ఒప్పుకోవాల?"

ఆయన కంప్యూటరు గది వైపు చూపించాడు. సిద్ధమ్మ ఆ గదిలోకి తొంగిచూసింది. లోపల ఎవరూ లేరు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు," అంది. అని, ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్కనే నేల మీద కూర్చుంది.

దారి ఏమిటంటే, కుప్పం నుంచి మాకు బదిలీ ఆర్డరు వెయ్యాలి. అందులో లారీ నంబరు రాయాలి. కుప్పం గేటు దాటేటప్పుడు లారీ మీద సరుకును ఫొటో తీసి ఎక్కించాలి. మిగతా స్టోర్ల వాళ్ళు ఏదో పాత ఫొటోనే తిప్పితిప్పి ఎక్కించేవాళ్ళు. ఒకే లారీ, ఒకే కుక్క గేటు ముందు పడుకొని ఉన్న ఫొటో నేను ఎన్నిసార్లు చూశానో. ఈయన అది చెయ్యడు. మరి? ట్రాన్స్‌ఫార్మర్‌ను పుంగనూరు నుంచి కుప్పం తీసుకుపోయి, అక్కడ దింపి, మళ్ళీ ఎక్కించి, ఫొటో తీసి, ఆర్డరుతో సహా పుంగనూరుకు తేవాలి. యార్డులో నలభై అడుగులు జరపవలసిన వస్తువు. పలమనేరు మీదుగా పోనూ రానూ ఐదారు గంటల దారి.

మర్నాడు పొద్దున బాషా లారీ వచ్చింది. మదనపల్లె వాడు, ముప్పై ఏళ్ళుగా మా సరుకు తోలుతున్నాడు.

"క్యా సాబ్, ఈడిది ఆడికి తోలి, ఆడినుంచి ఈడికే తేవాల్నా?"

"అవునప్పా."

"డీజిల్ మీ అబ్బ ఇస్తాడా?"

"ప్రభుత్వం ఇస్తాది."

"అచ్ఛా," అని బాషా టైర్లు తన్ని చూసుకున్నాడు.

లారీ మా గేటు దాటబోతుంటే నాకు గుర్తొచ్చి, "సార్, మన గేట్ పాస్?" అన్నాను. అది లేకుండా గుండుసూది కూడా బయటకు పోనిచ్చే మనిషి కాదాయన.

"లేని వస్తువుకు గేట్ పాస్ యాలమ్మా?" అన్నాడు.

నవ్వుతూ అన్నాడేమో అని ముఖం చూశాను. నవ్వడం లేదు.

సిద్ధమ్మ కూడా లారీ ఎక్కింది. నా కండ్లముందరే ఉండాల, యాడికి పోతే ఆడికే వస్తానంది. ముందు సీట్లో కూర్చోమంటే వినలేదు, వెనక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆనుకొని కూర్చుంది. ఆమెను ఒక్కదాన్నే వెనక వదలడం బాగోదని ఆయనా వెనకే ఎక్కాడు, తువ్వాలు నెత్తిన వేసుకొని. అట్లా పోయారు ఇద్దరూ.

కుప్పంలో స్టోరాయన లేడు. ఈఆర్‌పీ రిఫ్రెషర్ శిక్షణకు ఆ రోజే మదనపల్లె వెళ్ళాడు. అంటే వీళ్ళ లారీ పలమనేరు చేరేసరికి ఆయన బస్సు ఎదురొచ్చి ఉండాలి. ఆయన లాగిన్ లేనిదే ఆర్డరు పడదు. ఈయనకు కీ యూజర్‌గా ఆ లాగిన్‌లోకి పోయే వీలుంది, కానీ మంది పేరుతో నొక్కడం తప్పు. మర్నాడు స్టోరాయన వచ్చి, లారీ మీద ఈ ముగ్గుర్నీ చూసి, తమిళం కలిసిన తెలుగులో తలబాదుకున్నాడు.

"ఏమప్పా, ఫోన్‌లో సొల్లింటే నేనే ఒక ఫొటో పోట్టుంటానే."

"ఏ ఫొటో?" అన్నాడాయన.

స్టోరాయన పోయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సరుకు దింపారు. ఎక్కించారు. సర్వర్ పడుకుంది. లేచింది. ఫొటో తీశారు. సాయంత్రానికి లారీ పుంగనూరు చేరింది, ఆర్డరుతో, అన్ని సంతకాలతో, ఒక్క తప్పు లేకుండా. లైన్‌మన్లు దాన్ని ఊళ్ళో బిగించి కరెంటు ఇచ్చేసరికి సిద్ధమ్మ మా గేటు తొక్కిన నాటి నుంచి నాలుగో రోజు.

తోట పోయింది. పిందె రాలింది, ఉన్న కాయ ఎండకు మచ్చపడింది. ఆమె చెట్లకు ఊతంగా నాటిన కట్టెలు పీకి పక్కన పేర్చి, ఆవుల్ని తోలేసింది లోపలికి. అవన్నా తింటాయని. తర్వాత ఎవరో చెబితే కలెక్టరుగారి అర్జీల రోజున అర్జీ పెట్టింది. విచారణ వచ్చింది. ఆయనకు ఇంక్రిమెంటు కోసేశారు. సిస్టమ్‌ను తు.చ. తప్పకుండా పాటించిన ఒకే ఒక్క స్టోర్ కీపరుకు, ఆలస్యం చేసినందుకు శిక్ష. పాత ఫొటోలు తిప్పిన స్టోరుకు ఆ ఏడు ఉత్తమ స్టోరు అని షీల్డు ఇచ్చారు. ఆ షీల్డు ఇచ్చే ఫొటోలో వెనక కుక్క లేదు గానీ, ఉంటే బాగుండేది.

ఈ కథ నేను బాగా చెబుతాను. ఏళ్ళ తరబడి చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, పదవీ విరమణ సభల్లో చెప్పాను. మొన్న యార్డులో ఆయన సంతాప సభలో కూడా చెప్పమన్నారు. ఆయన భార్య ముందు వరసలో కూర్చొని ఉంది. సంకోచించాను గానీ, లేని వస్తువుకు గేట్ పాస్ యాలమ్మా అనేచోట అందరికంటే ముందు ఆమే నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. బాగా చెప్పావు తల్లీ అంది చివర్న నా చెయ్యి పట్టుకొని.

ప్రతిసారీ అందులోంచి ఒక ముక్క తీసేసి చెబుతాను. అది ఇక్కడ రాస్తాను.

సిద్ధమ్మ వచ్చిన మొదటి రోజు, మధ్యాహ్నం దాకా ట్రాన్స్‌ఫార్మరు పక్కనే ఎండలో కూర్చొని ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు. లేచి ఆయన దగ్గరకు వెళ్ళాను. "సార్, ఇచ్చెయ్యండి. కాగితాలు తర్వాత చూసుకుందాం. ఆడమనిషి, తోట పోతుంది," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. గుమాస్తాలు విన్నారు. ఎవరో ఒకరు ఆ మాట అనాలి, నేను అన్నానని లోపల గర్వం కూడా.

ఆయన ప్రింటరులోంచి ఒక తెల్లకాగితం లాగాడు. నా ముందు పెట్టాడు. దాని మీద తన పెన్ను పెట్టాడు.

"రాసిస్తావామ్మా?"

"ఏం రాయాలి సార్?"

"ఇయ్యమని నేను సెప్పినా అని. ఒక్క ముక్క. కింద నీ పేరు, ఈ టైము. రాసియ్, ఈ నిమిషం గేటు తీస్తా. తర్వాత ఏమొచ్చినా సగం నాది."

ఎగతాళి కాదు. బతిమాలుతున్నాడు. ఆయన చెయ్యి అప్పటికే తాళాల గుత్తి మీద ఉంది. తనంతట తాను ఇవ్వలేడు, ఆ ధైర్యం ఎప్పుడో కుప్పంలో పోయింది. ఇంకొక్క మనిషి పక్కన నిలబడితే ఇస్తాడు. సిద్ధమ్మ లేచి గడప దాకా వచ్చి మా ఇద్దర్నీ చూస్తోంది. చదువురాని మనిషి, అయినా ఆ కాగితం ఏమిటో ఆమెకు అర్థమైంది.

నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. నాలుగు నెలలుంది. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. మూత కూడా తీశాను. మళ్ళీ పెట్టాను. నాలుగున్నర మదనపల్లె బస్సుకు టైమైందన్నాను. టైము అప్పుడు మూడున్నర.

"బస్సు పోతాదేమో, పోమ్మా," అంది సిద్ధమ్మ.

పోయాను. ఆయన ఆ తర్వాతే బాషాకు ఫోన్ చేశాడు.

విచారణలో ఆయనకు మెమో వచ్చింది. ఆ రోజు స్టోరులో ఎవరెవరున్నారు, రైతు మొర ఎవరెవరు విన్నారు, ఎవరు ఏమన్నారు, రాసి పంపాలి. నా పేరు రాస్తే నా ప్రొబేషన్ గోవిందా. ఆయన రాయడానికి అన్ని విధాలా హక్కుంది. నిజం అది. నిజం తప్ప ఇంకోటి రాయని మనిషి, తన యార్డులో ఉన్న సరుకునే మందిదని రాసిన మనిషి. రెండు రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను.

మూడో రోజు తన చేతిరాతతో జవాబు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. స్కాన్ చేసి సిస్టమ్‌లోకి ఎక్కించడం నా పని. చదివాను. సదరు రోజున స్టోరులో నేనొక్కడినే ఉన్నాను, వేరెవరూ లేరు, నాకెవరూ ఏ సలహా ఇవ్వలేదు, అని ఉంది. కింద పేరు, తేదీ, గంట, నిమిషం.

"సదివినావా?" అన్నాడు.

"చదివాను సార్."

"తప్పులేమన్నా ఉండాయా?"

ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు. నా భుజం మీదుగా గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"లేవు సార్," అన్నాను. నా లాగిన్‌తో ఎక్కించాను.